పని ఆపని పిలుపు

తన పటాన్ని ఎవరో గోడ మీంచి పీకేశారన్న మాట చెవిన పడేసరికి ముజీబ్‌కు ఇక ముద్ద దిగలేదు. సగం తిన్న చెయ్యి కడుక్కుని, తువ్వాలు కూడా వెతుక్కోకుండా చొక్కాకే తుడుచుకుని, ఆసుపత్రి వరండా వైపు విసవిసా నడిచాడు.

గోడ బోడిగా ఉంది. మూలలకు కొట్టిన మేకులు మాత్రం మిగిలాయి. ఒక మేకుకు ఫ్లెక్సీ ముక్క వేలాడుతోంది. దాని మీద అతను గీసిన బాణం సగానికి తెగి ఉంది.

ఆ ముక్కను చేతిలోకి తీసుకుని ముజీబ్ అక్కడే నిలబడిపోయాడు.

హజ్రత్ లతీఫ్ షా గారు గురువుగా ఉన్న దర్గా గుట్ట కింద ఉంటుంది. దానికి ఆనుకునే ఒక ధర్మాసుపత్రి. చుట్టుపక్కల వేరుశనగ చేలల్లో పనిచేసేవాళ్ళు, గొర్రెలు కాచుకునేవాళ్ళు, ఏ మతమైనా సరే, ఒంట్లో నలతగా ఉంటే అక్కడికే వస్తారు. దేవుణ్ణి వెతుక్కుంటూ తన దగ్గరికి వచ్చిన శిష్యులకు హజ్రత్ ముందుగా చూపించేది ఆ ఆసుపత్రినే. ఒకరికి వార్డు ఊడ్చే పని చెప్తారు, ఒకరికి మందులిచ్చే పని చెప్తారు. ముజీబ్‌కు మాత్రం ఆయన ఏ పనీ చెప్పలేదు. "చూస్తూ ఉండు. నీ పనేదో నీకే కనబడుతుంది" అన్నారు.

ముజీబ్‌కు కనబడింది. బెంగుళూరులో అతను చేసిన ఉద్యోగమే కంపెనీల్లో పని ఎలా నడవాలో బొమ్మ గీసి ఇవ్వడం. ఏ పని తర్వాత ఏ పని, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ చీలాలి, వీటన్నిటికీ ఒక గుర్తుల భాష ఉంది. సున్నా చుడితే ఏదో జరిగిందని అర్థం. మూలలు గుండ్రంగా తిప్పిన పెట్టె అంటే చెయ్యాల్సిన పని. ఈత పోటీల్లో నీళ్ళ మీద తాళ్ళు కట్టినట్టు పొడుగ్గా బాటలు గీసి, ఎవరి పని వాళ్ళ బాటలో పెడతారు.

అతను దర్గాకు వచ్చాక ఆ భాషకు కొత్త కూర్పు వచ్చింది. ఉద్యోగం వదిలేశాడు గాని ముజీబ్ ఆ మోజు వదులుకోలేదు. కొత్త గుర్తులన్నీ కూర్చుని నేర్చుకున్నాడు. చేత్తో చేసే పనికి పెట్టె మూలన చిన్న చెయ్యి గుర్తు. పెద్దవాళ్ళ దృష్టికి తీసుకుపోవాల్సిన సంగతికి పైకి చూసే బాణం. వాటన్నిటిలోకీ అతన్ని మురిపించింది తుంపుల సున్నా.

పాత పద్ధతిలో పెట్టె అంచున సున్నా పెట్టారంటే, ఆ సంగతి జరిగిన మరుక్షణం పెట్టెలోని పని ఆపెయ్యాల్సిందే. కొత్త కూర్పులో అదే సున్నాను తుంపులు తుంపులుగా గీయవచ్చు. అప్పుడు అర్థం మారిపోతుంది. సంగతి జరిగింది, దాని దారిన అది పోతుంది, ఇక్కడి పని మాత్రం ఆగదు.

"మన ఆసుపత్రికి కావలసింది ఇదే హజ్రత్" అని ముజీబ్ అప్పట్లో ఉత్సాహంగా చెప్పాడు.

అతను అలా అనడానికి కారణం లేకపోలేదు. అంతకుముందు ఒకసారి నర్సు మెహరున్నీసా మాత్రలు లెక్కపెడుతుంటే ఎవరో కేకేశారు. ఆమె పరుగెత్తి, తిరిగొచ్చి, ఒకరి మాత్రలు ఇంకొకరి చేతిలో పెట్టింది. మింగేలోపు చూసుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ రోజు ముజీబ్ అందరి ముందూ మెహర్‌ను నిలబెట్టి మందలించాడు. తర్వాత ఆసుపత్రి పనంతా కొత్త గుర్తులతో గీశాడు. రోగి తాలూకు మనుషులు పిలిస్తే ఏం చెయ్యాలన్న చోట తుంపుల సున్నా పెట్టాడు. పిలుపు వస్తే చీటీ మీద రాసి తీగబుట్టలో వెయ్యాలి, చేతిలో పని అయ్యాక బుట్ట చూడాలి, మధ్యలో మాత్రం లేవకూడదు.

హజ్రత్ ఆ పటాన్ని చాలాసేపు చూశారు. చెయ్యి గుర్తు మీద వేలు పెట్టి, "ఇదేమిటి నాయనా?" అని అడిగారు.

"చేత్తో చేసే పని అని హజ్రత్."

"చెవి గుర్తు లేదా?"

ముజీబ్ నవ్వాడు. "చెవితో పనిలేదు హజ్రత్. కబురుకు కవరు గుర్తు ఉంది."

"సరే" అన్నారాయన. పటం ఫ్లెక్సీగా అచ్చయి గోడెక్కింది.

ఆ గోడే ఇప్పుడు బోడిగా ఉంది.

మెహర్ మందుల గది ముందు కూర్చుని ఉంది. ముజీబ్ ఆ ఫ్లెక్సీ ముక్కను ఆమె ముందు పెట్టాడు.

"ఎవరు చేశారిది?"

"నాగులమ్మ, భాయ్. నిన్న జ్వరంతో వచ్చిన ఓబులేసు పెండ్లాం."

"ఆసుపత్రి గోడ మీద చెయ్యెయ్యడానికి ఆమె ఎవరు? ఆమె పీకుతుంటే నువ్వేం చేస్తున్నావు?"

"చీటీ రాస్తావున్నా" అంది మెహర్.

ఆ గొంతులో ఏముందో వినిపించుకునే స్థితిలో ముజీబ్ లేడు. "పూర్తిగా చెప్పు" అన్నాడు.

మెహర్ చెప్పింది. ఓబులేసుకు రక్తం తీశారు. రిపోర్టు వచ్చేదాకా వరండాలో కూర్చోమన్నారు. పటంలో ఉన్నదీ అదే. కాసేపటికి నాగులమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, ఒళ్ళు కాలిపోతోంది చూడండమ్మా అంది. మెహర్ రాసుకుంది. మళ్ళీ వచ్చి, ఏదేదో మాట్లాడుతున్నాడు, నన్ను గుర్తుపట్టడం లేదు అంది. మెహర్ రాసుకుంది. పడుకోబెట్టడానికి ఒక దుప్పటన్నా ఇవ్వమంది. అదీ రాసుకుంది. మందుల కోసం నిలబడ్డ వరస తరగలేదు. ఒకరికి ఇచ్చేలోపు ఇంకొకరు వస్తున్నారు. బుట్ట వైపు తిరిగే తీరికే రాలేదు. చివరికి ఓబులేసుకు ఫిట్స్ వచ్చాయి. బండల మీద తల టపటపా కొట్టుకుంటుంటే నాగులమ్మ అటూ ఇటూ చూసి, గోడ మీది ఫ్లెక్సీని గుంజి, మడతపెట్టి మొగుడి తల కింద పెట్టింది. ఆ తర్వాతే అతన్ని వార్డులోకి మార్చారు.

"ఆ దుప్పటేదో ఇంకోసారి గట్టిగా అడగొచ్చు కదా" అన్నాడు ముజీబ్.

"అడిగింది భాయ్. రాసుకున్నా."

"బుట్ట చూడవద్దని నేను చెప్పానా?"

"చేతిలో పని అయినాక చూడమన్నావు. పని అయిపోలేదు." మెహర్ లేచి నిలబడింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మొదట్లో ఎవరు పిలిచినా ఉరికేదాన్ని. అట్ల ఉరకొద్దని పదిమందిలో నాకు బుద్ధి చెప్పింది నువ్వే కదా. ఇప్పుడు ఎందుకు ఉరకలేదని అడుగుతున్నావు. నేను యాడ నిలబడాల?"

ఆ మాట ముజీబ్ కోపాన్ని తగ్గించలేదు, ఇంకా పెంచింది. అన్నీ తన మీదికే వస్తున్నాయి. రాత్రనక పగలనక కూర్చుని గీసినవాడు తప్పు, చింపినవాళ్ళు ఒప్పు. ఇదెక్కడి న్యాయం? హజ్రత్ దగ్గరే తేల్చుకుందామని దర్గా వైపు తిరిగాడు.

మధ్యాహ్నపు జొహర్ నమాజు అయిపోయి, మంటపంలో జనం పలచబడ్డారు. హజ్రత్ మెట్ల మీది నీడలో పళ్ళెం ముందు పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ పెట్టే లంగరు వంటకు చింతపండులో పిక్కలు తీస్తున్నారు. ముజీబ్ సలాం చేశాడు గాని కూర్చోలేదు.

"ఆమెను పిలిపించి అడగాలి హజ్రత్. పటం మళ్ళీ వేయించాలి. ఈసారి చెయ్యి తగలకుండా అద్దం బిగించాలి. మెహర్‌కు బొత్తిగా ఇంగితం లేదు, ఆమెను మందుల గది నుంచి మార్చాలి. మనుషులు సరిగ్గా నడుచుకోకపోతే గీసినవాడేం చేస్తాడు?"

హజ్రత్ చివరిదాకా విన్నారు. మధ్యలో పిక్క తీసే చెయ్యి ఆపి మరీ విన్నారు.

"ఆ పటం నాకు సరిగ్గా ఒంటబట్టలేదు నాయనా" అన్నారు. "నేర్పిస్తావా?"

"పటం ఎక్కడుంది హజ్రత్, చింపేశారు కదా."

"నేల ఉంది."

ఉరుసుకు గోడలకు వెయ్యడానికి తెచ్చిన సున్నం ఆవరణలో ఓ మూల ఉంది. ముజీబ్ ఒక డబ్బా నిండా పొడి తీసుకున్నాడు. చెడుగుడు బరి గీసినట్టు ఆవరణ పొడుగునా గీతలు పోశాడు. ఇది రోగి బాట, ఇది నర్సు బాట, ఇది డాక్టరు బాట, ఇది రక్తపరీక్షల గది. నర్సు పెట్టెను సరిగ్గా హజ్రత్ కూర్చున్న మెట్టు చుట్టూ గీశాడు. దాని అంచున తుంపుల సున్నా చుట్టాడు. గీస్తున్న కొద్దీ గీతలు సూటిగా కుదిరాయి. తన బొమ్మ తనకు అందంగా కనబడింది.

"రక్తం ఇచ్చాక రోగి ఎక్కడుంటాడు?" అని అడిగారు హజ్రత్.

"ఇక్కడ. రోగి బాటలోని ఈ సున్నాలో. రిపోర్టు కబురు వచ్చేదాకా ఆగాలి."

"నిలబడు. నువ్వు రోగివి. నేను మెహర్‌ను."

ముజీబ్ సున్నాలోకి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ నీడ లేదు. బండలు కాలుతున్నాయి. చెప్పులు మెట్ల దగ్గరే వదిలేశాడు.

హజ్రత్ పళ్ళెం దగ్గరికి లాక్కుని పిక్కలు తీయడం మొదలుపెట్టారు. ముజీబ్ కాసేపు చూశాడు. పాదాలు మార్చి మార్చి నిలబడ్డాడు.

"అర్థమైందా హజ్రత్?"

ఆయన తలెత్తలేదు. ఒక చింతపిక్క తీసి, మిగతావాటిలో కలపకుండా పక్కన మెట్టు మీద పెట్టారు. మళ్ళీ పనిలో పడ్డారు.

"కాళ్ళు కాలుతున్నాయి హజ్రత్. చెప్పులు తెచ్చుకుంటాను."

ఇంకో పిక్క మెట్టు మీదికి వచ్చింది.

ఆట అర్థమై ముజీబ్‌కు ఒళ్ళు మండింది. తనకు న్యాయం చెప్పమని వస్తే చిన్నపిల్లాడిలా ఎండలో నిలబెట్టారు. దాటి వెళ్ళిపోవచ్చు, కానీ దాటితే తన పటం తప్పని తనే ఒప్పుకున్నట్టు. పళ్ళు బిగించి నిలబడ్డాడు. చెమట కనుబొమల మీంచి కళ్ళలోకి కారింది. దర్గాకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అతన్ని వింతగా చూసుకుంటూ, సున్నపు గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు.

"దాహంగా ఉంది" అన్నాడు ముజీబ్ చివరికి.

పిక్క.

"హజ్రత్, మీకు వినబడుతోందా?"

"వినబడుతోంది నాయనా" అన్నారాయన మెత్తగా. "నీ మాట ఇక్కడే ఉంది. చేతిలో పని కానీ."

"ఆ పళ్ళెం ఎప్పటికయ్యేను?"

దానికీ ఒక పిక్క పడింది. ఎవరో వంటింటి వైపు నుంచి వచ్చి, ఇంకో గంపెడు చింతపండు ఆయన పళ్ళెంలో కుమ్మరించి పోయారు.

ముజీబ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. దాహం వల్ల కాదు. ఎండ వల్ల కూడా కాదు. ఆయన విన్నారు. ప్రతి మాటా విన్నారు. విని, ఒద్దికగా పక్కన పెడుతున్నారు. వినకపోయినా ఇంత కోపం వచ్చేది కాదు. తిట్టినా ఇంత కోపం వచ్చేది కాదు. మెట్టు మీద వరసగా పెట్టిన ఆ పిక్కలను ఒక్క తన్ను తన్నాలనిపించింది.

సరిగ్గా అప్పుడే వార్డు వైపు నుంచి కేక వినబడింది.

"అయ్యా, ఎవురన్నా రాండి. నెత్తురు వస్తాంది, గొట్టంలో నెత్తురు వస్తాంది."

ముజీబ్ హజ్రత్ వైపు చూశాడు. ఆట ఆగిపోతుందనుకున్నాడు. హజ్రత్ చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది. ఒక పిక్క తీసింది. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఆయన ముజీబ్ వైపు చూశారు.

"అది పక్కన పెట్టే పిలుపా?" అన్నాడు ముజీబ్. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే అతను పరుగు అందుకున్నాడు. బాటలు తొక్కాడు, పెట్టెలు తొక్కాడు, సున్నం ఎగిరి పంచె మీద పడింది. మెట్ల పక్క నుంచి దూసుకుపోతుంటే ఒక్కటి మాత్రం కంటబడింది. హజ్రత్ చెప్పులు వేసుకుని, ఒక కాలు కింది మెట్టు మీద మోపి, లేవడానికి సిద్ధంగా ఉన్నారు.

వార్డులో సెలైను సీసా ఖాళీ అయింది. ఓబులేసు చేతి నుంచి నెత్తురు గొట్టంలోకి ఎగబాకుతోంది. నాగులమ్మ ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక గుమ్మం వైపు చూస్తోంది. ముజీబ్ గొట్టం మీది చక్రం తిప్పి బిగించాడు. "మెహర్" అని పిలిచాడు. మందుల గది నుంచి మెహర్ అడుగుల చప్పుడు వినబడింది. ఈసారి ఆమె ఏమీ రాసుకోలేదు. వచ్చి సూది సరిచేసి, కొత్త సీసా తగిలించింది. ముజీబ్ వైపు ఒకసారి చూసి మందుల గదికి వెళ్ళిపోయింది.

ఓబులేసు నిద్రలో ఉన్నాడు. కొరుక్కున్న నాలుక వాచి పెదవులు మూతపడటం లేదు. మంచం కింద మడత పెట్టిన ఫ్లెక్సీ ఉంది. బాణాలూ పెట్టెలూ గీసిన వైపే పైకి ఉంది. దాని మీద నెత్తురు ఎండి నల్లబడింది.

ముజీబ్ చూపు అక్కడే ఆగడం నాగులమ్మ గమనించింది.

"ఆ బొమ్మ నీదంట కదా నాయనా."

"అవునమ్మా."

"కోపం వచ్చిందంట."

అతను ఫ్లెక్సీ మీంచి చూపు తిప్పుకున్నాడు.

"రానీలే. తప్పయిందని మాత్రం నేననను" అంది నాగులమ్మ. గొంతు పెంచలేదు. "మళ్ళా తగిలిచ్చు. మళ్ళా ఈయనకు అట్లే వచ్చిందంటే మళ్ళా పీకుతా. నేను పిలిచినప్పుడల్లా ఆ పాప తలకాయ వంచి రాసుకుంటాండె. నాకు సదువు రాదు. ఏమి రాసుకుంటాందో, ఈయప్ప పేరు రాసుకుంటాందేమో, పేరు రాసుకుంటే ఎవురన్నా వస్తారేమో అని సూస్తాంటి. నేను రమ్మని పిలిస్తి సామీ. రాసుకోమని పిలవలే."

ముజీబ్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఓబులేసు ఊపిరి ఎగసిపడుతోంది. తర్వాత లేచి, అలమారలోంచి ఒక దుప్పటి తీసి, ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని మొగుడి కాళ్ళ మీద కప్పింది.

"నువ్వు కాళ్ళు కడుక్కో పో" అంది. "సున్నానికి పొక్కులొస్తాయి."

అతను బయటికి వచ్చేసరికి ఎండ వాలింది. ఆవరణలో ఎవరో శిష్యుడు చీపురు పట్టుకుని గీతలు ఊడ్చెయ్యబోతుంటే, హజ్రత్ చేత్తో వారించి పంపేశారు. మెట్టు మీది పిక్కలు లేవు. ముజీబ్ ఆయన ముందు నిలబడ్డాడు.

"గీతలన్నీ తొక్కేశాను హజ్రత్" అన్నాడు. "ఆ తుంపుల గుర్తు తీసేస్తాను. అసలు ఇంక పటమే గీయను."

"ఎందుకు గీయవు? మాత్రలు తారుమారు కావద్దా?" అన్నారు హజ్రత్. "గుర్తు చెడ్డదేం కాదు నాయనా. నీ కాళ్ళు ఎక్కడ ఆగలేదో చూసుకుని, అక్కడ మార్చు."

ఆయన పళ్ళెం తీసుకుని వంటింటి వైపు వెళ్ళిపోయారు.

ముజీబ్ వెనక్కి తిరిగి చూశాడు. నల్లటి బండల మీద తన పాదాల గుర్తులు తెల్లగా పడి ఉన్నాయి. అవి ఏ బాటనూ పట్టించుకోలేదు, ఏ పెట్టె చుట్టూ తిరగలేదు. అన్నిటికీ అడ్డంగా, సూటిగా, వార్డు గుమ్మం దాకా వెళ్ళాయి.